పెద్ద వయసు గ్రే చిలుకను తెచ్చుకున్నాం, వింత శబ్దాలు చేస్తోంది. జబ్బా, బెంగా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. పక్క ఫ్లాట్ పెద్దాయన అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లిపోతూ తన 20 ఏళ్ల ఆఫ్రికన్ గ్రేను మీకు అప్పగించారు. మొదట్లో నోరు విప్పకుండా బుద్ధిగా కూర్చుంది. ఇప్పుడు మీవారు గదిలోకి వస్తే చాలు, గుర్రుమంటోంది. తెల్లవారుజామున ముసలాయన దగ్గినట్టు దగ్గుతోంది. రాత్రి నిద్రకు ముందు ముక్కు కరకరలాడిస్తోంది. మిమ్మల్ని చూస్తూ తల పైకీ కిందికీ ఊపి తిన్నది కక్కుతోంది. మధ్యమధ్యలో టిక్ టిక్‌మని ఏదో చప్పుడు. వయసైపోయి జబ్బు చేసిందా, పాత యజమాని మీద బెంగ పెట్టుకుందా అని మీ టెన్షన్.

ముందు జవాబు చెప్పేస్తాను. ఇందులో గుర్రు, దగ్గు, కరకర, కక్కడం, ఈ నాలుగూ మీరు రాసిన తీరును బట్టి జబ్బు లక్షణాల్లా లేవు. ఆ టిక్ టిక్ మాత్రం చూసి తేల్చుకోవాలి, అదీ ఈరోజే. ఇంకోటి, 20 ఏళ్లంటే గ్రేకు ముసలితనం కాదు, నడివయసు. బాగా చూసుకుంటే 40 నుంచి 60 ఏళ్లు బతికే జాతి ఇది. కాబట్టి ‘వయసైపోయింది, ఇంతేలే’ అని దేన్నీ వదిలేయకండి.

నేను చాలా ఏళ్లుగా గ్రేలు, కాక్‌టీల్స్ (తల మీద జుట్టున్న చిన్న చిలుకలు) పెంచుతున్నాను. ఊరు మారేవాళ్లు, పెంచలేక చేతులెత్తేసిన వాళ్లు వదిలేసిన పెద్ద పక్షులు కూడా మా ఇంటికి వస్తుంటాయి. కొత్తగా వచ్చిన పక్షి ఏ చప్పుడు చేసినా నేను మొదట చూసేది ఒక్కటే: ఆ చప్పుడు ఊపిరితో ముడిపడి ఉందా, లేదా?

అనుకరణకు మొదలూ తుదీ ఉంటాయి. ఏదో ఒకటి దాన్ని కదిలిస్తుంది: కాలింగ్ బెల్, కాఫీ వాసన, లైటు వేయడం. పక్షి కావాలని మొదలుపెడుతుంది, విసుగొస్తే ఆపేస్తుంది. జబ్బు చప్పుడు అలా కాదు. అది ప్రతి ఊపిరితోనూ వస్తుంది, పక్షి నిద్రలో ఉన్నా వస్తుంది. గాఢనిద్రలో ఏ చిలుకా మిమిక్రీ చేయదు. అందుకే రాత్రి లైటు తీసేశాక, అది నిద్రపోయిందని నమ్మకం కుదిరాక, పంజరం దగ్గర చెవి పెట్టి వినండి. టిక్ టిక్ అప్పుడు కూడా ఒక లయలో వస్తుంటే తెల్లారగానే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పగలు మిమ్మల్ని చూసినప్పుడు మాత్రమే నాలుకతో టిక్‌మని ఆపేస్తుంటే అది పలకరింపు. మీరూ నాలుకతో టిక్‌మనండి, చాలాసార్లు తిరిగి జవాబిస్తుంది.

వినడంతో సరిపోదు, తోక కూడా చూడాలి. పక్షులకు మనలా డయాఫ్రమ్, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండర పొర, ఉండదు. ఊపిరి తీసుకోవాలంటే రొమ్ము ఎముక మొత్తం ముందుకీ వెనక్కీ కదలాలి. ఊపిరి అందనప్పుడు ఆ శ్రమంతా తోకలో కనపడుతుంది. సాయంత్రం అది కుదురుగా కూర్చున్నప్పుడు నాలుగడుగుల దూరంలో, పక్కవాటుగా మీరూ కూర్చోండి. దాని మొహం చూడకండి, ఆ ఎర్ర తోక కొసనే చూడండి. ఆరోగ్యంగా ఉంటే తోక దాదాపు కదలదు. ప్రతి ఊపిరికీ బోరింగ్ కొట్టినట్టు పైకీ కిందికీ ఆడుతుంటే అది ఎమర్జెన్సీ. ఊరికే కూర్చున్నప్పుడు నోరు తెరిచి ఊపిరి తీసుకోవడం, ముక్కు రంధ్రాల పైన ఈకలు తడిగా అట్టకట్టి ఉండడం, ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చోవడం, వీటిలో ఏది కనిపించినా రేపు చూద్దాం అనుకోవద్దు.

కాస్త ఎగిరొచ్చాకో, భయపడ్డాకో తోక ఆడడం మామూలే, కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది. మన మే నెల ఎండల్లో రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి నోరు తెరిచిందంటే వేడికి తట్టుకోలేకపోతోందని. నీడకు మార్చి, ఒంటి మీద నీళ్లు తుంపరగా చల్లి, తాగడానికి నీళ్లు పెట్టండి. అయినా తగ్గకపోతే డాక్టరే.

మీరు రాయనిది ఒకటి నేను అడుగుతాను: దాని గొంతు మారిందా? అంతకుముందు స్పష్టంగా పలికిన మాట ఇప్పుడు బొంగురుగా వస్తోందా, ఈల సగంలో తెగిపోతోందా? చిలుక గొంతు మనలా మెడ పైభాగంలో ఉండదు. శ్వాసనాళం కింద, అది రెండుగా చీలే చోట ఉంటుంది. ఆస్పర్జిల్లస్ అనే ఫంగస్ అక్కడ పెరిగితే ఊపిరి ఆడకపోవడం కంటే ముందు గొంతే మారుతుంది. మా దగ్గరికి వచ్చిన ఒక కాక్‌టీల్ అలాగే ఉండేది. ఈలలు మానేసింది, ఎప్పుడైనా వేస్తే గాలి పోతున్నట్టు వచ్చేది. ఇచ్చినవాళ్లు ‘అది మా అమ్మాయి హాస్టల్‌కి వెళ్లిందని అలిగింది’ అన్నారు. ఎండోస్కోపీలో శ్వాసనాళంలో ఫంగస్ బయటపడింది. మందు నెలల తరబడి పట్టింది, ఈల మాత్రం మునుపటిలా తిరిగి రాలేదు. బూజు పట్టిన గింజలు, తడి ఆరని పంజరం అడుగు, గాలి ఆడని గది, ఈ ఫంగస్‌కు ఇవే ఇష్టం. తొక్కతో ఉన్న పచ్చి వేరుశెనగలు పెడుతుంటే మానేయండి, వాటిలో కంటికి కనపడని బూజు ఉండే అవకాశం ఎక్కువ.

ఇక గుర్రుమనడం. గ్రేలు భయపడినప్పుడు గుర్రుమంటాయి. అడవిలో పట్టుబడ్డ గ్రే కూడా అదే చప్పుడు చేస్తుంది, దీన్ని ఎవరూ నేర్పనక్కర్లేదు. చాలామంది దాన్ని పొగరు అనుకుంటారు, కసురుతారు, పంజరం మీద దుప్పటి కప్పేస్తారు. నా దృష్టిలో అంతకంటే చెడ్డ పని లేదు. గుర్రు అనేది కరవడానికి ముందు అది మీకిచ్చే నోటీసు. నోటీసు ఇచ్చినందుకు శిక్ష పడుతుంటే ఈసారి నేరుగా కరుస్తుంది. గ్రే ముక్కు వేలి ఎముక దాకా దిగుతుంది.

మీవారు ఏ దూరంలో ఉన్నప్పుడు గుర్రు మొదలవుతోందో గమనించమనండి. గుమ్మం దగ్గరైతే ఆయన గుమ్మానికి అవతలే ఆగాలి. కళ్లలోకి చూడకూడదు, పక్కకు తిరిగి నిలబడి మామూలుగా మీతో మాట్లాడి వెళ్లిపోవాలి. వెళ్లేముందు గిన్నెలో ఒక బాదం ముక్క వేస్తే చాలు. ఆ బాదం ఇంట్లో ఇంకెవరూ పెట్టకూడదు, అది ఆయన చేతినుంచే రావాలి. వారాలు పడుతుంది, కొన్నిటికి నెలలు. మనిషి కంటే ఆయన చేతిలోని వస్తువు భయపెట్టడం కూడా ఉంటుంది. మా ఇంటికొచ్చిన ఒక ఆడ గ్రే మా పనమ్మాయిని చూసి గుర్రుమనేది. ఒకరోజు ఆమె ఉత్త చేతులతో వస్తే కిక్కురుమనలేదు. దాని కోపమంతా పొడుగు కర్ర ఉన్న చీపురు మీద. పాత ఇంట్లో దానితో ఏం చేశారో నేను అడగలేదు, ఊహించుకోగలను. మీవారు హెల్మెట్ పట్టుకుని వస్తున్నారా, టోపీ పెట్టుకుంటారా, గడ్డం ఉందా, చూడండి.

మొదట్లో బుద్ధిగా ఉండి ఇప్పుడు మారిందని రాశారు. కొత్త ఇంటికి వచ్చిన పెద్ద పక్షులు చాలావరకు అంతే. మొదట మనల్ని చదువుతాయి, ధైర్యం వచ్చాక అసలు స్వభావం బయటపెడతాయి. నన్నడిగితే, నోరెత్తకుండా మూల కూర్చున్న పక్షి గురించే నేను ఎక్కువ కంగారు పడతాను.

దగ్గు. ఇది ఆ పెద్దాయనదే అని నా గట్టి అనుమానం. 20 ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్న గ్రే దగ్గర ఆ ఇంటి చప్పుళ్లన్నీ దాచి ఉంటాయి: కుక్కర్ విజిల్, లిఫ్ట్ తలుపు, ఫోన్ రింగ్, పూజ గంట, ఎవరో గొంతు సవరించుకోవడం. తెల్లవారుజామునే వస్తోందంటే ఆయన లేచే వేళ అదై ఉంటుంది. ఒక గ్రే మా ఇంట్లో కాలింగ్ బెల్ తనే మోగించి, ‘ఆఁ వస్తున్నా’ అని తనే ఆడగొంతుతో జవాబిచ్చి, ఆ తర్వాత గడియ తీసిన చప్పుడు కూడా చేసేది. మేం నిజంగా తలుపు దగ్గరికి వెళ్లిన సందర్భాలు ఉన్నాయి. ఆ పెద్దాయనకు వీడియో కాల్ చేయండి. ఇంట్లో ఎవరికైనా పాత దగ్గు ఉండేదా, ఇది ఏ చప్పుళ్లు చేసేది, ఎన్నింటికి లేచేది, ఎన్నింటికి పడుకునేది, పంజరం ఏ గదిలో ఉండేది, గిన్నెలో ఏం పెట్టేవారు, అన్నీ రాసుకోండి. సగం ప్రశ్నలు అక్కడే తీరిపోతాయి. కాల్‌లో ఆయన్ని దానికి చూపించాలా వద్దా అన్నది పక్షిని బట్టి. కొన్ని హుషారవుతాయి, కొన్ని కాల్ కట్ అయ్యాక రోజంతా పిలుస్తూ కూర్చుంటాయి. ఒకసారి చూపించి ఆ తర్వాత ఎలా ఉందో చూసుకుని నిర్ణయించుకోండి.

దగ్గుకు మీరు ఎలా స్పందిస్తారన్నది కూడా ముఖ్యం. దగ్గగానే అందరూ పంజరం చుట్టూ మూగి ‘అయ్యో ఏమైందమ్మా’ అంటే దానికి రోజుకు నలభైసార్లు దగ్గడం అలవాటవుతుంది. గ్రేకు కావలసింది ప్రేక్షకులే.

నిద్రకు ముందు కరకర అంటే పై ముక్కునీ కింది ముక్కునీ ఒకదానితో ఒకటి రాస్తోందని అర్థం. కళ్లు సగం మూసి, ఒక కాలు పొట్టలోకి లాక్కుని ఈ పని చేస్తుంటే సుఖంగా ఉందన్నమాట. లైటు తీసేశాక గొణుగుతుంది కూడా, పగలు విన్న మాటల్ని చిన్న గొంతుతో సాధన చేస్తుంది. వదిలేయండి.

కక్కడం దగ్గర తేడా తెలియాలి. మీ కళ్లలోకి చూస్తూ, మెడ సాగదీసి తల లయగా ఊపుతూ, నమిలిన గింజల ముద్దను ఒకచోట పెడుతుంటే అది ప్రేమ. జంట పక్షికి తినిపించే పద్ధతి. జబ్బు వాంతి అయితే తల విదిలిస్తుంది, అది పంజరం ఊచలకు చిమ్ముతుంది, తల మీద ఈకలు జిగటగా అంటుకుంటాయి, వాసన వస్తుంది, పక్షి నీరసంగా ఉంటుంది. అది కనిపిస్తే ఆ రోజే డాక్టరు.

ప్రేమే అయినా మురిసిపోయి ప్రోత్సహించకండి. వీపు, రెక్కల కింద, తోక మొదలు, ఈ చోట్ల నిమిరితే అది మిమ్మల్ని జంటగా భావిస్తుంది. తల, మెడ మాత్రమే నిమరండి. సోఫా కింద, బీరువా వెనక, అట్టపెట్టె లోపల దూరనివ్వకండి, అవి దానికి గూడులా కనిపిస్తాయి. గ్రేల్లో ఆడా మగా చూసి చెప్పడం కష్టం, డీఎన్ఏ పరీక్ష కావాలి. 20 ఏళ్లుగా ‘రాజా’ అని పిలిపించుకున్న పక్షి గుడ్డు పెట్టిన సంగతులు ఉన్నాయి. మీది ఆడదైతే, ఎప్పుడైనా పంజరం అడుగున కాళ్లు ఎడంగా పెట్టి ముక్కుతూ కనిపిస్తే గుడ్డు అడ్డుపడి ఉండొచ్చు. అలాంటప్పుడు గంటలు లెక్క.

ఇప్పుడు మీరు అడగని, నాకు ఎక్కువ కంగారు కలిగించే విషయం. పొద్దుతిరుగుడు గింజలు, అన్నం మాత్రమే తిని పెరిగిన గ్రేల్లో రక్తంలో కాల్షియం పడిపోవడం ఎక్కువగా చూస్తాం. ఈ జాతికి అదొక ప్రత్యేకమైన బలహీనత. చేయి అందించినప్పుడు కాళ్లు వణకడం, కొమ్మ మీదినుంచి ఊరికే జారిపడడం, చివరికి ఫిట్స్. మా దగ్గరకొచ్చిన ఒక గ్రే పొద్దున్నే పడిపోతుంటే ఆ ఇంట్లో ‘పట్టు సడలింది, పెద్దదైపోయింది’ అనుకున్నారు. రక్తపరీక్ష చేయిస్తే కాల్షియం తక్కువని తేలింది. డాక్టరు ఇంజెక్షన్, ఆ తర్వాత తిండి మార్పు, పొద్దుటి ఎండ, వీటితో పడడం ఆగింది. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ దీనికి పనికిరాదు, డి విటమిన్‌కు కావలసిన కిరణాలు అద్దం దాటవు. పంజరంతో సహా బాల్కనీలో పెట్టండి, సగం నీడ ఉండాలి, పక్కన మనిషి ఉండాలి. కాకులు, గద్దలు, పిల్లులు, కొన్ని కాలనీల్లో కోతుల భయం ఉంటుంది.

తిండి మార్చాలి, కానీ ఒక్కరోజులో కాదు. పెద్ద పక్షి కొత్త వస్తువును తిండిగానే గుర్తించదు, గిన్నె నిండుగా ఉన్నా మాడి పడుకుంటుంది. పాత గింజలు ఉంచుతూనే మునగాకు, తోటకూర, ఉడికించిన చిలగడదుంప, గుమ్మడికాయ, క్యారెట్, నానబెట్టి మొలకెత్తించిన పెసలు కలపండి. పెల్లెట్లు (చిలుకల కోసం తయారుచేసి అమ్మే గుళికల మేత) కొద్దికొద్దిగా పెంచండి. పండుమిర్చి పెట్టినా పరవాలేదు, పక్షులకు ఆ కారం తెలియదు. పాలన్నం మానేయండి, పాలు వాటికి అరగవు. ఉప్పు, పచ్చళ్లు, చాక్లెట్, కాఫీ వద్దు. అవకాడో అయితే విషమే.

ఈ మార్పులు చేసేటప్పుడు వంటింటి డిజిటల్ తూకం ఒకటి కొనండి. రోజూ పొద్దున, రెట్ట వేశాక, తినకముందు తూకం వేసి రాయండి. గ్రే సాధారణంగా 400 నుంచి 500 గ్రాముల మధ్య ఉంటుంది, కొన్ని ఇంకాస్త ఎక్కువ. అసలు అంకె కంటే మార్పు ముఖ్యం. పదో వంతు తగ్గిందంటే జబ్బు ఉందనే లెక్క. చిలుకలు జబ్బును దాచుకుంటాయి, ఈకల కింద ఎండిపోయిన ఒళ్లు మనకు కనపడదు. రెట్ట కూడా చూస్తూ ఉండండి. ఆకుపచ్చ లేదా గోధుమ రంగు గట్టి భాగం, తెల్లటి సుద్ద, చుట్టూ నీరు, ఈ మూడూ వేరువేరుగా కనిపించాలి. బీట్‌రూట్ తిన్న రోజు ఎర్రబడితే భయం లేదు. తెల్లగా ఉండాల్సింది పసుపుగా, నిమ్మపచ్చగా మారితే లివర్ సమస్య కావచ్చు, సిటకోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు కావచ్చు. ఈ రెండోది మనుషులకూ అంటుతుంది. ఇంట్లో ఎవరికైనా జ్వరం, పొడి దగ్గు వదలకపోతే ‘మా ఇంట్లో చిలుక ఉంది’ అని మీ డాక్టరుకు చెప్పండి. తెలిస్తే డాక్సీసైక్లిన్ లాంటి మందులతో నయమయ్యేదే.

ఇంట్లో గాలి సంగతి. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా మాడితే వచ్చే పొగ నిమిషాల్లో చిలుకను చంపగలదు. మనకు వాసన కూడా తెలియకపోవచ్చు. ఆ పెనాలు తీసేయండి. అగరుబత్తి, సాంబ్రాణి, దోమల కాయిల్, రూమ్ స్ప్రే దాని గదిలో వద్దు. బయటికి వదిలేముందు సీలింగ్ ఫ్యాన్ ఆపారో లేదో చూసుకోవడం ఇంట్లో అందరికీ అలవాటు కావాలి.

నిద్ర. వీటి సొంత చోటు భూమధ్యరేఖ దగ్గరి ఆఫ్రికా అడవులు, అక్కడ ఏడాదంతా రాత్రి దాదాపు 12 గంటలు. మన ఇళ్లలో హాల్లో టీవీ పదకొండింటి దాకా నడుస్తుంది. నిద్ర చాలని గ్రే చిరాకు పడుతుంది, అరుస్తుంది, ఈకలు పీక్కుంటుంది. రాత్రికి వేరే గదిలో చీకటి, నిశ్శబ్దం ఇవ్వండి. అర్ధరాత్రి ఉలిక్కిపడి రెక్కలు కొట్టుకుంటుంటే చిన్న బెడ్‌లైట్ పెట్టండి.

బెంగ అన్నారు. ఉంటుంది, కాదనను. అయితే బెంగ అనే మాట డాక్టరు పని అయ్యాకే వాడాలి. తిండి తగ్గినా, ఈకలు పీక్కున్నా ముందు పరీక్షలు, ఆ తర్వాతే మనసు సంగతి.

డాక్టరు విషయంలో కుక్కల డాక్టరు దగ్గరికే వెళ్లి యాంటీబయాటిక్ నీళ్లలో కలిపి పెట్టకండి. హైదరాబాద్‌లో ఎక్సోటిక్ (విదేశీ) పక్షులకు వైద్యం చేసేవాళ్లు ఉన్నారు. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో అడిగినా దారి చెబుతారు. ఆంధ్రాలో ఉన్నవాళ్లకు గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీలు ఉన్నాయి. ముందు ఫోన్ చేసి పక్షుల్ని ఎవరు చూస్తారో, ఏ రోజు ఉంటారో కనుక్కోండి. క్లినిక్‌లో భయంతో అది చక్కగా నిటారుగా కూర్చుంటుంది, అందుకే ఇంట్లో తీసిన వీడియో పట్టుకెళ్లాలి. తువ్వాలుతో పట్టుకోవాల్సి వస్తే తలను ఆపండి, ఛాతీని నొక్కకండి. రొమ్ము కదలకపోతే ఊపిరి ఆగిపోతుంది.

కాగితాల మాట కూడా చెప్పాలి. ఆఫ్రికన్ గ్రే 2017 నుంచి సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో, అంటే అత్యంత కఠినమైన జాబితాలో ఉంది. మన దేశంలో ఇలాంటి జాతుల్ని పెంచేవాళ్లు 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయాలి, చేతులు మారినా తెలియజేయాలి. పెద్దాయన నమోదు చేశారో లేదో అడిగి, ఆ కాగితాలు తెప్పించుకోండి. కాలికి రింగు ఉంటే దాని మీద చాలాసార్లు పుట్టిన ఏడాది కూడా ఉంటుంది, 20 ఏళ్లన్న మాట నిజమో కాదో తేలిపోతుంది. ఇది చదివి రామచిలుకను తెచ్చుకుందామనుకునే వాళ్లకు: మన సొంత జాతుల చిలుకల్ని పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. పెద్దది, చిన్నది, దత్తత, ఏ సాకూ చెల్లదు.

మీరు ఈ రాత్రి ఆ టిక్ టిక్ విని, నిద్రలో వస్తోందో లేదో ఇక్కడ రాయండి. రెండు నిమిషాల తోక వీడియో, ఈరోజు రెట్ట ఫోటో, ఇప్పటిదాకా గిన్నెలో ఏం పెడుతున్నారో కూడా పెడితే మిగతాది చూసి చెబుతాను. నిద్రలో వస్తుంటే మాత్రం నా జవాబు కోసం ఆగకండి.